ఆగిన ఆట, నిలవాల్సిన పాఠం: అంతర్జాల క్రీడల పునరుద్ధరణ చరిత్ర – కోర్సు వెబ్‌సైట్ నిర్మాణం

వ్యాససంగ్రహం

అంతర్జాల క్రీడకు, కళాశాల అధ్యాపకుడు నిర్మించే కోర్సు వెబ్‌సైట్‌కు ఉమ్మడి లక్షణం ఒకటుంది. రెండూ చదివి పక్కన పెట్టే గ్రంథాలు కావు. యంత్రం, నియమాలు, మనుషులు కలిసి నడిపించినంతకాలమే నిలిచే కార్యకలాపాలు. సర్వర్ ఆగిన రోజున రెండూ ఒకే తీరున కనుమరుగవుతాయి. ప్లేటో, మడ్, హాబిటాట్ వంటి తొలితరం వ్యవస్థలు మూతపడి మళ్ళీ తెరుచుకున్న చరిత్రను పరిశీలించి, ఆ అనుభవం నుంచి తెలుగు కోర్సు వెబ్‌సైట్ల నిర్మాణానికి పనికివచ్చే సూత్రాలను నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాద్ ఉత్తర శివారులోని మేడ్చల్, శామీర్‌పేట విద్యాప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకుని ఈ చర్చ సాగుతుంది.

కీలకపదాలు: అంతర్జాల క్రీడ, పునరుద్ధరణ, కోర్సు వెబ్‌సైట్, పరిష్కరణ, గ్రంథపాతం, యూనికోడ్, కాపీరైటు.

1. ఉపోద్ఘాతం

నాగపూర్ వెళ్ళే 44వ జాతీయ రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నాయి. బాహ్య వలయ రహదారి ఈ రెండింటినీ కలుపుతుంది. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఇవి భాగాలు. చెరువులకు, కూరగాయల తోటలకు పేరుపడిన ఈ శివారు క్రమంగా కళాశాలల ప్రాంతంగా మారింది. 1998 నాటి చట్టం ద్వారా ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉంది. బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం 2008లో ఈ పరిసరాల్లోనే మొదలైంది. ఇదే జిల్లాలోని చర్లపల్లి వైపు ఉన్న ఈసీఐఎల్ 1967లో స్థాపితమైంది. ట్రాంబేలో రూపకల్పన జరిగిన టీడీసీ–12 కంప్యూటర్‌ను ఈ సంస్థే తయారుచేసి దేశానికి అందించింది. అంటే యంత్రం, చట్టం, సాంకేతిక విద్య మూడూ ఒకే జిల్లా పరిధిలో ఉన్నాయి.

2020 మార్చి చివరి వారంలో దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఇతర ప్రాంతాల మాదిరిగానే ఇక్కడి తరగతి గదులు కూడా తెరమీదికి మారాయి. అంతకు ముందు కంప్యూటర్ శాఖలకే పరిమితమనుకున్న కోర్సు వెబ్‌సైట్ తెలుగు అధ్యాపకునికి కూడా అవసరమైంది. అయితే అలా పుట్టిన పాఠాలు ఎంతకాలం నిలుస్తాయనే ప్రశ్నకు తగిన చర్చ జరగలేదు. అధ్యాపకుడు బదిలీ అయినా, డొమైన్ గడువు ముగిసినా, ఉచితంగా చోటిచ్చిన సంస్థ తన సేవను విరమించుకున్నా పాఠం అందకుండా పోతుంది. ఈ ముప్పును అందరికంటే ముందు ఎదుర్కొన్నవారు ఆటలు తయారుచేసినవారు, ఆడినవారు. అందుకే కోర్సు వెబ్‌సైట్ గురించి ఆలోచించేవారికి ఆటల చరిత్ర పనికివస్తుంది.

2. నేలమీది ఆట, యంత్రంలోని ఆట

పులిజూదం ఆడడానికి ఒక సుద్దముక్క, కొన్ని గులకరాళ్ళు చాలు. దేవాలయ మండపాల రాతినేల మీద చెక్కిన ఆటగీతలు నేటికీ కనిపిస్తాయి. ఆ గీతలు అరిగిపోతే పక్కన మరొకటి గీసుకోవచ్చు. అష్టాచెమ్మా, వామనగుంటలు, వైకుంఠపాళి కూడా ఇలాంటివే. వీటి నియమాలు ఆడేవారి జ్ఞాపకంలో ఉంటాయి. పలక పోయినా ఆట పోదు.

అంతర్జాల క్రీడ ఇందుకు భిన్నమైనది. దాని నియమాలు ప్రోగ్రాములో ఉంటాయి. ఆ ప్రోగ్రాములో ప్రధానభాగం ఆటగాడి చేతిలో కాక దూరాన ఉన్న సర్వర్‌లో ఉంటుంది. ఆటగాడి దగ్గర ఉన్నది ద్వారం మాత్రమే. సర్వర్ ఆపివేస్తే ద్వారం మిగులుతుంది, ఇల్లు మాయమవుతుంది. పైగా ఆ ఇంట్లో తోటి ఆటగాళ్ళు కూడా ఉండాలి. వారు లేకపోతే ప్రోగ్రాము నడుస్తున్నా ఆట నడవదు.

ఈ తేడా తెలుగు సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. తిరుమల సంకీర్తన భాండారంలో నిలిచిన తాళ్ళపాక కవుల రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఆ పాటను ఎలా పాడారో తెలిపే స్వరరచన లేదు. అందువల్ల 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటికి కొత్తగా స్వరాలు కూర్చవలసివచ్చింది. రేకు నిలిచింది, సాహిత్యం నిలిచింది, గానం మాత్రం తెగిపోయింది. ప్రోగ్రామును భద్రపరచినంత మాత్రాన ఆట భద్రపడదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు.

3. పాఠమని పేరు పొందిన ఆట: ప్లేటో

ఆటకు, కోర్సుకు మధ్య బంధం ఇటీవల ఏర్పడినది కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ 1960లో ప్లేటో అనే బోధన వ్యవస్థకు శ్రీకారం చుట్టాడు. ఒక పెద్ద కంప్యూటర్‌కు అనేక టెర్మినళ్ళను కలిపి, ఒక్కొక్క విద్యార్థికి అతని వేగానికి తగినట్టు పాఠం చెప్పించడం దీని లక్ష్యం. అధ్యాపకులే స్వయంగా పాఠాలు రాసుకోవడానికి పాల్ టెన్‌జార్ 1967లో ట్యూటర్ అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించాడు. 1972లో వచ్చిన నాలుగవ తరం ప్లేటోకు నారింజరంగులో వెలిగే ప్లాస్మా తెర, వేలితో తాకితే గుర్తించే ఏర్పాటు ఉండేవి. 1973 నాటికి అందులో ఒకరితో ఒకరు రాసుకుంటూ మాట్లాడుకునే టాకోమాటిక్, చర్చలను భద్రపరిచే నోట్స్ వెలిశాయి.

పాఠాల కోసం కట్టిన ఆ వ్యవస్థలో విద్యార్థులు ఆటలు కట్టుకున్నారు. 1973లో జాన్ డాలెస్కీ రాసిన ఎంపైర్, 1979లో వచ్చిన అవతార్ వాటిలో ప్రసిద్ధమైనవి. అనేకమంది ఒకేసారి వేర్వేరు చోట్ల నుంచి కలిసి ఆడే క్రీడలివి. ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగిన విషయం ఒకటుంది. ప్లేటో పరిభాషలో ప్రతి ప్రోగ్రాము పేరు ‘పాఠం’ అనే అర్థమిచ్చే మాటే. రసాయనశాస్త్ర అభ్యాసమూ పాఠమే, అవతార్ అనే ఆటా పాఠమే. యంత్రం దృష్టిలో ఆ రెండింటికీ తేడా లేదు. కాబట్టి అవి కలిసి బతికాయి, కలిసే ఆగిపోయే స్థితికి వచ్చాయి.

కంట్రోల్ డేటా సంస్థ ప్లేటోను వాణిజ్యరంగంలోకి తెచ్చింది. కాని చిన్న కంప్యూటర్లు చౌకగా దొరికే కాలం వచ్చాక అంత పెద్ద యంత్రాలను పోషించడం భారమైంది. 1990 దశకం తొలి సంవత్సరాల్లో ఇల్లినాయ్ ప్రాంగణంలోని ప్లేటో ముగిసింది. దాని వారసత్వంగా నోవానెట్ 2015 వరకు సాగింది. అయితే 2004లో కొందరు పాత వినియోగదారులు, ప్రోగ్రామర్లు సైబర్–1 పేరుతో ప్లేటో చివరి వాణిజ్యరూపాన్ని మళ్ళీ నడపగలిగారు. పాత కంట్రోల్ డేటా యంత్రాన్ని నేటి కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్ ఇందుకు ఆధారమైంది. వేలాది పాఠాలు, వాటితోపాటు అవతార్, ఎంపైర్ కూడా తిరిగివచ్చాయి. ఆటమీది మక్కువతో వచ్చినవారి వల్ల పాఠాలు కూడా బతికాయని భావించడానికి ఇక్కడ అవకాశముంది.

4. మడ్ నుంచి తరగతి గదికి

ప్లేటోలో పాఠం నుంచి ఆట పుడితే, మడ్ చరిత్రలో ఆట నుంచి తరగతి గది పుట్టింది. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా 1978లో మడ్ అనే ఆట రాయడం ప్రారంభించాడు. 1980లో రిచర్డ్ బార్టిల్ దాన్ని చేపట్టి విస్తరించాడు. ఇందులో బొమ్మలు లేవు. అంతా మాటలే. ‘ఉత్తరానికి వెళ్ళు’, ‘దీపం తీసుకో’ వంటి ఆజ్ఞలు టైపు చేస్తే ఆటగాడు ఉన్న చోటును వర్ణించే వాక్యాలు తెరమీద కనిపిస్తాయి. అదే చోట మరొక ఆటగాడు ఉంటే అతనూ కనిపిస్తాడు.

ఈ పద్ధతిని అనుసరించి వందలాది ఆటలు వచ్చాయి. 1990లో జెరాక్స్ పరిశోధనకేంద్రంలో పావెల్ కర్టిస్ నడిపిన లామ్డా మూ వాటిలో మలుపు తెచ్చినది. అందులో ప్రవేశించినవారు ఆడడమేకాక కొత్త గదులు, కొత్త వస్తువులు తామే నిర్మించవచ్చు. నిర్మాణాధికారం అందరికీ లభించేసరికి అధ్యాపకుల దృష్టి అటు మళ్ళింది. 1993లో ఎంఐటీలో ఏమీ బ్రక్‌మన్ పరిశోధకుల కోసం మీడియా మూ ప్రారంభించారు. 1995లో టెక్సాస్ విశ్వవిద్యాలయం డల్లాస్ ప్రాంగణంలో సింథియా హేన్స్, యాన్ రూనె హోల్మెవిక్ రచనాభ్యాస తరగతుల కోసం లింగ్వా మూ నెలకొల్పారు. ఆటకోసం రాసిన సాఫ్ట్‌వేరులోనే గది, బల్ల, నోటీసుబోర్డు ఏర్పడ్డాయి. విద్యార్థులు వేర్వేరు ఊళ్ళ నుంచి ఆ గదిలో చేరి చర్చించారు.

ఈ క్రమం మనకు ఒక సంగతి చెబుతుంది. కోర్సు వెబ్‌సైట్ అంటే పాఠ్యపత్రాలను వేలాడదీసే గోడ అనే అభిప్రాయం తరువాత కాలంలో స్థిరపడినది. దానికి ముందే విద్యార్థి ప్రవేశించి, మాట్లాడి, ఏదో ఒకటి నిర్మించి వెళ్ళే స్థలంగా దాన్ని ఊహించినవారున్నారు.

5. పునరుద్ధరణ అనే పరిష్కరణ

తెలుగులో ‘పాఠం’ అనే మాటకు రెండర్థాలున్నాయి. గురువు చెప్పేది పాఠం. వ్రాతప్రతిలో కనిపించే రూపమూ పాఠమే. అందుకే పాఠాంతరం, పాఠపరిష్కరణ అనే పదాలు ఏర్పడ్డాయి. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను నియమించి, ఒకే గ్రంథానికి పలు ప్రతులు సేకరించి పోల్చి చూపించాడు. పాత ఆటను మళ్ళీ నిలబెట్టేవారు చేసేది కూడా ఇదే తరహా పని. వారి పద్ధతులను తెలుగు పరిష్కరణ సంప్రదాయంతో పోల్చి మూడుగా వర్గీకరించవచ్చు.

మొదటిది యథాతథ ప్రతి. ప్లేటో విషయంలో జరిగినది ఇది. ప్రోగ్రామును మార్చరు. అది ఏ యంత్రంలో నడిచిందో ఆ యంత్రాన్నే కృత్రిమంగా సృష్టిస్తారు. పాత తప్పులతో సహా పాత రూపమే దక్కుతుంది.

రెండవది మరొక లిపిలోకి ఎత్తిరాయడం. మడ్‌కు ‘బ్రిటిష్ లెజెండ్స్’ అనే పేరుతో కంప్యుసర్వ్ సంస్థ 1987 నుంచి ఆశ్రయమిచ్చింది. 2000 సంవత్సరపు తేదీ సమస్య వల్ల పాత యంత్రాలను తొలగించే సందర్భంలో, 1999 చివర ఆ ఆటను నిలిపివేసింది. 2000లో విక్టర్ టోత్ అసలు సోర్స్ కోడ్‌ను ఆధారం చేసుకుని నేటి కంప్యూటర్లకు తగిన భాషలో దాన్ని తిరిగి రాసి అంతర్జాలంలో ఉంచాడు. ఆట నియమాలు అవే. కాని రాసిన భాష వేరు. తాళపత్రాన్ని చూసి కాగితం మీదికి ఎత్తిరాసిన లేఖకుడి బాధ్యత వంటిది ఇది.

మూడవది గ్రంథపాతాన్ని పూరించడం. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ 1986లో కమోడోర్–64 కంప్యూటర్ల కోసం హాబిటాట్ అనే క్రీడను ప్రయోగాత్మకంగా తెచ్చింది. చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ దీని రూపకర్తలు. తెరమీద ఆటగాడికి ప్రతినిధిగా నిలిచే బొమ్మను ‘అవతార్’ అనడం ఈ ఆటతో వాడుకలోకి వచ్చింది. భారతీయ పురాణపదం ఆ విధంగా కంప్యూటర్ పరిభాషలో చేరింది. ఓక్లండ్‌లోని డిజిటల్ క్రీడాకళల మ్యూజియం చొరవతో 2016లో దీని సోర్స్ కోడ్ బహిరంగమైంది. నియోహాబిటాట్ పేరుతో ఔత్సాహికులు ఆటగాడివైపు ప్రోగ్రామును పాతదే ఉంచి, సర్వర్ భాగాన్ని కొత్తగా రాశారు. పోతన భాగవతంలో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరించారని చెప్పే సంప్రదాయాన్ని ఇది గుర్తుచేస్తుంది. ఏ స్కంధం ఎవరిదో గద్యలో తెలిసినట్టే, ఇక్కడ కూడా ఏ భాగం పాతదో ఏది కొత్తదో నమోదు చేయడం నిజాయితీకి గుర్తు.

మూడు పద్ధతులకూ సమానమైన అవసరాలు మూడున్నాయి. ఎవరో ఒకరి దగ్గర చదవదగిన ప్రతి మిగలాలి. దాన్ని వాడుకునే అనుమతి ఉండాలి. ఆట ఎలా ఆడేవారో తెలిసినవారు ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా పునరుద్ధరణ కుంటుపడుతుంది. తిరిగివచ్చిన ఆటలు గొప్పవి కనుకనే వచ్చాయని చెప్పలేము. ఈ మూడూ సమకూరాయి కనుక వచ్చాయి.

6. చదవదగిన ప్రతి: తెలుగు అక్షరాల సమస్య

చదవదగిన ప్రతి అనే షరతు తెలుగు పాఠాలకు మరింత కఠినమైనది. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నాటి తొలిరూపంలోనే చోటు దక్కింది. అదే సంవత్సరం భారతీయ ప్రమాణాల సంస్థ ఇస్కీ ప్రమాణాన్ని ప్రకటించింది. అయినప్పటికీ సామాన్య వినియోగదారుల కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు సరిగా కనిపించడానికి దాదాపు మరో దశాబ్దం పట్టింది. ఈ మధ్యకాలంలో పత్రికలు, ప్రచురణకర్తలు, డీటీపీ కేంద్రాలు తమతమ ఫాంట్లను వాడుకున్నాయి. అను ఫాంట్లలో టైపు చేసిన సిద్ధాంత గ్రంథాలు, పాఠ్యాంశాలు విశ్వవిద్యాలయాల్లో నేటికీ అసంఖ్యాకం.

ఇలాంటి ఫైలులో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. ఆంగ్ల అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ఆకారాలు అమర్చి ఉంటాయి. ఆ ఫాంట్ ఉన్నంతవరకు తెలుగు కనిపిస్తుంది. అది లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తుల వరుస మిగులుతుంది. అందులో ఒక పదాన్ని వెతకడం కూడా సాధ్యం కాదు. ఎమ్యులేటర్ లేకపోతే అవతార్ ఆట ఎలా మూగబోతుందో, ఫాంట్ లేకపోతే ఈ పాఠం అలా మూగబోతుంది.

ఈ సమస్యకు వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ ఒక పరిష్కారం చూపింది. వివిధ ఫాంట్లలో ఉన్న వెబ్‌పేజీలను ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో యూనికోడ్‌లోకి మార్చి చూపే పొడిగింపు ఇది. ఆటల పరిభాషలో చెప్పాలంటే ఇదొక పునరుద్ధరణ సాధనం. కాని 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతి పొడిగింపులకు మద్దతు నిలిపివేసింది. పాతవాటిని బతికించే సాధనాలు కూడా పాతబడతాయని ఈ ఉదంతం చాటుతుంది.

అడోబీ ఫ్లాష్ కథ కూడా ఇలాంటిదే. 2017 జూలైలో ముందస్తు ప్రకటన చేసి, 2020 డిసెంబరు 31తో ఆ సంస్థ దానికి మద్దతు ముగించింది. ఫ్లాష్‌లో చేసిన చిన్నచిన్న ఆటలతో పాటు విజ్ఞానశాస్త్ర పాఠాల్లోని కదిలే బొమ్మలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఫ్లాష్‌పాయింట్ అనే స్వచ్ఛంద సేకరణ, రఫుల్ అనే ఎమ్యులేటర్, ఇంటర్నెట్ ఆర్కైవ్ కలిసి వాటిలో గణనీయమైన భాగాన్ని కాపాడాయి. మూడేళ్ళ ముందే హెచ్చరిక అందడం, ఆ గడువును కొందరు సద్వినియోగం చేసుకోవడం ఇందుకు కారణాలు.

7. అనుమతి: చట్టం ఎక్కడ నిలిచింది

‘సిటీ ఆఫ్ హీరోస్’ అనే క్రీడను ఎన్‌సీసాఫ్ట్ సంస్థ 2012 నవంబరు 30న మూసివేసింది. కొందరు దాన్ని గుట్టుగా నడుపుతున్న విషయం 2019లో బయటపడింది. ఆ తరువాత బహిరంగంగా నడిచిన ‘హోమ్‌కమింగ్’ సర్వర్లకు 2024 జనవరిలో హక్కుదారు సంస్థ లైసెన్సు ఇచ్చింది. ప్రతి దొరికినా అనుమతికి ఏళ్ళు పట్టవచ్చని ఈ ఉదాహరణ తెలుపుతుంది. అమెరికాలో 2018 అక్టోబరులో కాపీరైటు నిబంధనల కింద గ్రంథాలయాలకు, మ్యూజియంలకు అంతర్జాల క్రీడల పరిరక్షణ విషయంలో పరిమితమైన వెసులుబాటు లభించింది. అయితే ఆ ఆటలను సంస్థ ఆవరణ దాటి అందించరాదు.

భారతదేశంలో 1957 కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్యరచనగానే పరిగణిస్తుంది. అంటే చట్టం దృష్టిలో ఆట ప్రోగ్రాము, కావ్యం ఒకే వర్గానికి చెందుతాయి. 2012 సవరణ తరువాత సెక్షన్ 52(1)(ఎన్) ప్రకారం లాభాపేక్షలేని ప్రజాగ్రంథాలయం పరిరక్షణకోసం ఒక రచనను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచవచ్చు. కాని ఆ రచనకు డిజిటల్ కాని ప్రతి ఆ గ్రంథాలయం దగ్గర ముందే ఉండాలి. ముద్రిత గ్రంథానికి ఈ నిబంధన చక్కగా సరిపోతుంది. పుట్టుకతోనే డిజిటల్ అయిన ఆటకు గాని, కోర్సు వెబ్‌సైట్‌కు గాని కాగితపు ప్రతి ఎక్కడ ఉంటుంది? పరిరక్షణ అత్యవసరమైన వాటికే ఈ మినహాయింపు అందకపోవడం చట్టంలోని ఖాళీగా పేర్కొనవచ్చు.

బోధన విషయంలో చట్టం కొంత ఉదారంగా ఉంది. బోధనక్రమంలో అధ్యాపకుడు గాని విద్యార్థి గాని చేసే పునరుత్పత్తిని సెక్షన్ 52(1)(ఐ) అనుమతిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఫోటోకాపీ వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2016 డిసెంబరు 9న ఇచ్చిన తీర్పు, బోధన అనే మాటను తరగతి గది గంటకే కుదించరాదని వివరించింది. ఇక అధ్యాపకుడు తయారుచేసిన పాఠం ఎవరిది అనే ప్రశ్న మిగులుతుంది. ఉద్యోగవిధిలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని తొలి హక్కుదారు కావచ్చునని సెక్షన్ 17 చెబుతుంది. ఈ సంగతిని ముందే రాతపూర్వకంగా తేల్చుకోకపోతే, అధ్యాపకుడు సంస్థ మారిన తరువాత తన పాఠాన్ని తానే తెరవడానికి అనుమతి అడగవలసి రావచ్చు.

8. కోర్సు వెబ్‌సైట్ నిర్మాణం: ఆటలు నేర్పిన సూత్రాలు

తెలుగునేల దూరవిద్యకు కొత్తది కాదు. 1982లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో ఈ కోవకు చెందిన మొదటిది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అంతర్జాలం విషయానికి వస్తే, ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ 2002 ఆగస్టులో మూడ్‌ల్ తొలి పూర్తిరూపాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా విడుదల చేశాడు. ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఎన్‌పీటెల్ ప్రారంభించాయి. 2017 జూలై 9న స్వయం వేదిక ఆరంభమైంది. ఇవి పెద్ద సంస్థల వ్యవస్థలు. వాటికి పోషకులున్నారు. మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ఒక డిగ్రీ కళాశాల తెలుగుశాఖ తనకోసం నిర్మించుకునే చిన్న వెబ్‌సైట్‌కు అలాంటి అండ ఉండదు. దానికి పై చరిత్ర నుంచి నాలుగు సూత్రాలను గ్రహించవచ్చు.

ఒకటి, పాఠ్యభాగం సరళమైన రూపంలో ఉండాలి. యూనికోడ్ తెలుగులో, సాధారణ పాఠ్యంగాను, సామాన్య హెచ్‌టీఎంఎల్ పేజీలుగాను ఉన్న పాఠం ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటుంది. అను ఫాంట్లలో ఉన్న పాత పాఠాలను మార్చేటప్పుడు ఒత్తులు, గుణింతాలు చెడిపోకుండా మనిషి చూసి సరిదిద్దాలి. ఇది కూడా పరిష్కరణే.

రెండు, ప్రతులు ఒకటికంటే ఎక్కువచోట్ల ఉండాలి. మూడ్‌ల్ వంటి వ్యవస్థలో మొత్తం కోర్సును ఒక ఫైలుగా దించుకునే వీలుంది. ప్రతి సెమిస్టరు చివర ఆ ఫైలును అధ్యాపకుడి దగ్గర, కళాశాల గ్రంథాలయంలో, మరొక సంస్థలో ఉంచితే ఏ ఒక్క సర్వర్ ఆగినా పాఠం ఆగదు. లేఖకులు ఒకే గ్రంథాన్ని పలు ఊళ్ళలో రాసుకున్నందువల్లనే ప్రాచీన కావ్యాలు చాలావరకు మనకు దక్కాయి.

మూడు, అనుమతి మొదటి పేజీలోనే ఉండాలి. పాఠాన్ని ఎవరు ఏ మేరకు వాడుకోవచ్చో, మార్చవచ్చో ఒక బహిరంగ లైసెన్సు ద్వారా ప్రకటిస్తే, భవిష్యత్తులో దాన్ని బతికించదలచినవారు హక్కుదారును వెతుక్కునే పని తప్పుతుంది. సంస్థతో హక్కుల విషయం కూడా ముందే స్పష్టం చేసుకోవాలి.

నాలుగు, నడిచిన తీరును నమోదు చేయాలి. ఏ వారం ఏ పద్యం చెప్పారు, విద్యార్థులు ఏ ప్రశ్న అడిగారు, ఏ అభ్యాసం విఫలమైంది అనే వివరాలు పాఠ్యపత్రంలో ఉండవు. రాగిరేకు మీద రాగం పేరు ఉండి స్వరం లేకపోవడం లాంటిదే ఈ లోటు. విద్యార్థుల పేర్లు, వ్యక్తిగత వివరాలు తొలగించి, తరగతి నడిచిన క్రమాన్ని మాత్రం రాసి ఉంచితే తరువాతి అధ్యాపకుడు పాఠాన్ని మళ్ళీ పాడగలుగుతాడు.

ఈ నాలుగింటికీ పెద్ద వ్యయం అవసరం లేదు. అవసరమైనది సహకారం. సాంకేతిక కళాశాల విద్యార్థులు ఫాంట్ల మార్పిడి, సర్వర్ నిర్వహణ చూడగలరు. న్యాయవిద్యార్థులు లైసెన్సు, హక్కుల పత్రాలు సిద్ధం చేయగలరు. తెలుగు పరిశోధకులు పాఠాన్ని సరిచూడగలరు. ఈ మూడు నైపుణ్యాలూ పక్కపక్కనే ఉన్న ప్రాంతం కాబట్టి మేడ్చల్–శామీర్‌పేట ఇటువంటి ప్రయత్నానికి అనువైన చోటు. తొలి అభ్యాసంగా వైకుంఠపాళి వంటి దేశీయ ఆటను చిన్న అంతర్జాల క్రీడగా నిర్మించి, దాని ప్రోగ్రామును, నియమాలను, ఆడిన అనుభవాలను కోర్సు వెబ్‌సైట్‌లోనే భద్రపరచవచ్చు. ఆటను కాపాడడం నేర్చుకున్న విద్యార్థి పాఠాన్ని కాపాడడం కూడా నేర్చుకుంటాడు.

9. ముగింపు

ప్లేటోలో ఆటా పాఠమే అన్నారు. అది పరిభాషలోని యాదృచ్ఛికత మాత్రమే కాదని ఈ పరిశీలన తెలుపుతుంది. రెండూ ఒకే రకమైన ఆయుర్దాయం గలవి. వాటిని తిరిగి లేపిన ప్రతి సందర్భంలోనూ చదవదగిన ప్రతి, అనుమతి, తెలిసిన మనుషులు అనే మూడు ఆధారాలు కనిపించాయి. ఇవి ఆట ఆగిపోయిన తరువాత వెతుక్కున్నవారికి చాలా శ్రమ కలిగింది, కొన్ని ఆటలు ఎన్నటికీ తిరిగిరాలేదు. కోర్సు వెబ్‌సైట్ నిర్మించే అధ్యాపకుడికి ఆ శ్రమను ముందుగానే తప్పించుకునే అవకాశముంది. నిర్మాణం మొదలైన రోజునే, తాను లేని రోజున అపరిచితుడైన మరొక అధ్యాపకుడు దాన్ని ఎలా తెరుస్తాడో ఆలోచించడం అందుకు మార్గం. చట్టపరంగా కూడా పుట్టుకతో డిజిటల్ అయిన రచనలకు పరిరక్షణ మినహాయింపు విస్తరించవలసిన అవసరం ఉంది. తాళపత్రాలను ఎత్తిరాసిన లేఖకుల సంప్రదాయం గల భాషకు ఈ పని కొత్తది కాదు. రాసే వస్తువు మారింది, ఎత్తిరాయవలసిన బాధ్యత మారలేదు.